శబ్దం లేకుండా చూసిన సొరంగం

1995 వేసవి. ఎంసెట్ రాసి ర్యాంకు కోసం ఎదురుచూస్తున్న రోజులు. ఇంట్లో ఖాళీగా కూర్చోకూడదని నాన్న నన్ను గుంటూరు బ్రాడీపేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. చెప్పులు బయట విప్పి, గుమ్మం దగ్గర పట్టా మీద కాళ్లు తుడుచుకుని ఏసీ గదిలోకి వెళ్లాలి. ఆరు మెషిన్లుండేవి. అయిదింటికి నలుపు తెలుపు మానిటర్లు. ఆరోది 486 ప్రాసెసరు ఉన్నది, దానికి కలర్ మానిటర్. దాని మీద ఎప్పుడూ ప్లాస్టిక్ కవరు కప్పి ఉండేది. సార్ కూర్చుంటే తప్ప ఎవరూ దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు.

ఒకరోజు సాయంత్రం బ్యాచి అయిపోయాక సార్ మా ముగ్గురిని ఆగమన్నారు. అమెరికా నుంచి వాళ్ల బావమరిది తెచ్చిన ఫ్లాపీలు రెండు ఆయన చేతిలో ఉన్నాయి. "ఇది గేమ్ కాదురా, సినిమా కూడా కాదు. చూడండి" అన్నారు. కాపీ చేసి ఎంటర్ కొడితే మెమరీ చాలదని ఆగిపోయింది. కాన్ఫిగ్ ఫైలు తెరిచి మౌస్ డ్రైవరు తీసేశారు. మళ్లీ ఆగింది. ఇంకో రెండు లైన్లు మార్చారు. ఈసారి ముందుకెళ్లి, సౌండ్ కార్డు ఏది అని అడిగింది. మా దగ్గర సౌండ్ కార్డు లేదు. నో సౌండ్ అని ఎంచుకున్నారు.

ఆ తర్వాత దాదాపు తొమ్మిది నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు. అంతరిక్ష ఓడలు ఎగిరాయి. గాజుతో చేసినట్టున్న ఆకారాలు ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తూ తిరిగాయి. ఒక ముఖం బొమ్మ మీద భూతద్దం బంతిలా ఎగిరెగిరి పడుతుంటే, దాని కింద ఉన్నంత మేర బొమ్మ ఉబ్బి కనిపించింది. చివర్లో ఒక నగరం మీదుగా ఎగిరాం. వీటన్నిటి మధ్యలో ఒక సొరంగం వచ్చింది. గీతలు లేవు, గోడలు లేవు, ఉత్త చుక్కలు. చుక్కల వలయాలు దూరంలో పుట్టి, మన మీదకొస్తూ పెద్దవై పక్కల నుంచి వెళ్లిపోతున్నాయి. సొరంగం పాములా మెలికలు తిరుగుతుంటే, నేను కుర్చీలో కూర్చునే దానిలోకి జారిపోతున్నట్టు అనిపించింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏ శబ్దమూ లేదు.

దాని పేరు సెకండ్ రియాలిటీ. కంప్యూటరు అప్పటికప్పుడు లెక్కగట్టి చూపించే ఇలాంటి బొమ్మాపాటలను డెమోలంటారు. చేసింది ఫ్యూచర్ క్రూ అనే గ్రూపు, ఫిన్లాండ్ వాళ్లు. ఆ రాత్రి ఇంటికెళ్లి అట్లాసులో ఫిన్లాండ్ ఎక్కడుందో వెతికాను.

బీటెక్‌లో మా ల్యాబులో సీ భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సీ ఉండేది. ఆ నీలం తెర ముందు కూర్చోని తెలుగు ఇంజినీర్ నా వయసువాళ్లలో అరుదు. గ్రాఫిక్స్ ఎక్స్‌పరిమెంటంటే బొమ్మల తెర తెరిచే ఇనిట్‌గ్రాఫ్ పిలిచి, వృత్తం గీసి, రికార్డులో సంతకం పెట్టించుకోవడమే. నేను తెర మీద ఒక్కో చుక్క పెట్టే పుట్‌పిక్సెల్‌తో చుక్కలు పెట్టి సొరంగం చేయబోయాను. సెకనుకు రెండు బొమ్మలు కూడా మారలేదు. ఒక వలయం చెరిపి ఇంకోటి పెట్టేసరికి కంటికి కనిపించేంత ఆలస్యం. రెండు వారాలు తిప్పలు పడి వదిలేశాను. కానీ 'ఎలా చేశారు?' అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

2001లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారైన సీటీసీలో ఒక స్నేహితుడికి గ్రాఫిక్స్ కార్డు కొనడానికి వెళ్లాం. కార్డు బాగా పనిచేస్తోందని చూపించడానికి షాపు కుర్రాడు కార్డు వేగం కొలిచే 3డీమార్క్ 2001 నడిపించాడు. దాన్ని చేసిన మ్యాడ్ఆనియన్ (తర్వాత ఫ్యూచర్‌మార్క్) ఫిన్లాండ్ కంపెనీ అనీ, దాని వెనక ఫ్యూచర్ క్రూ మనుషులు ఉన్నారనీ అప్పుడు నాకు తెలియదు. అదే ఏడాది అందరూ ఆడిన మ్యాక్స్ పేన్ గేమ్ చేసిన రెమెడీ కంపెనీని 1995లో మొదలుపెట్టినవాళ్లలోనూ ఆ గ్రూపు వాళ్లున్నారు. నేను బ్రాడీపేటలో ఆ డెమో చూసిన ఏడాదే అది.

2012లో ఉద్యోగం నన్ను ఆ దేశానికే తెచ్చింది. ఎస్పూలో ఇల్లు, హెల్సింకీ పక్కనే. మరుసటి ఏడాది ఆగస్టు 1న, సెకండ్ రియాలిటీకి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, దాని సోర్స్ కోడ్ మొత్తం బయటపెట్టారు. ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని హక్కులు కూడా వదిలేశారు. ఆఫీసులో ఒకాయన ఈ కబురు చెప్పగానే నా గుండె కొట్టుకున్న తీరు నాకిప్పటికీ గుర్తుంది. ఇంటికెళ్లేదాకా ఆగలేక, బస్సులోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని డెమో వీడియో చూశాను.

పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటిసారి దాని పాట విన్నాను. పర్పుల్ మోషన్, స్కావెన్ అనే ఇద్దరు కట్టిన పాట. నేను గుంటూరులో చూసింది సగమేనని ఆ బస్సులో అర్థమైంది. బొమ్మ మారే ప్రతి చోటూ తాళం మీద పడుతోంది. ఒక ఆకారం విరిగిందంటే దెబ్బ వినపడే క్షణంలోనే విరిగింది. అప్పుడు ఊరికే మారిపోతున్నట్టు కనిపించినవన్నీ నిజానికి పాట చెబితే మారుతున్నాయి. స్టాపు దాటిపోయాను. మంచి ఎండ, ఆ దేశంలో ఆగస్టు సాయంత్రం తొమ్మిదికి కూడా వెలుతురుంటుంది. వెనక్కి నడుచుకుంటూ మళ్లీ రెండుసార్లు విన్నాను.

ఫ్యూచర్ క్రూ కథ కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసిన పనికి అర్థం ఉండదు. గేములకు తాళం పగలగొట్టి పంచేవాళ్లు గేముకు ముందు తమ పేరు కనిపించేలా చిన్న బొమ్మా పాటా అతికించేవాళ్లు. గేమును వదిలేసి ఆ బొమ్మాపాటలనే పోటీగా చేయడం మొదలుపెట్టడంతో డెమోలు పుట్టాయి. ఫ్యూచర్ క్రూ 1986లో కమోడోర్ 64 మీద మొదలైంది. 64 కిలోబైట్ల మెమరీ, ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసరు ఉన్న ఇంటి కంప్యూటరు అది. 1988లో వీళ్లు పీసీకి మారారు. అప్పట్లో అది ఎవరికీ మంచి నిర్ణయంలా కనిపించి ఉండదు. కమోడోర్ 64లో స్ప్రైట్లు అనే కదిలే చిన్న బొమ్మలు, సంగీతం కోసం ప్రత్యేకంగా చిప్పులున్నాయి. ఆమిగా అనే ఇంకో ఇంటి కంప్యూటర్లో అయితే బొమ్మను ఒక చోట నుంచి ఇంకో చోటికి జరపడానికే వేరే చిప్పు ఉంది. పీసీలో అవేమీ లేవు. శబ్దమంటే బీప్. బొమ్మ కదలాలంటే ప్రతి చుక్కనూ ప్రాసెసరే స్వయంగా పెట్టాలి. డెమోలు చేసేవాళ్లలో పీసీని ఆఫీసు డబ్బాగా చూసేవాళ్లే ఎక్కువ.

ఆ డబ్బా మీద వీళ్లు 1989లో యో అనే చిన్న డెమోతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కారు. 1992లో కాంప్లెక్స్, రెబెల్స్ అనే రెండు ఆమిగా గ్రూపులతో కలిసి కౌనియైనెన్‌లో మొట్టమొదటి అసెంబ్లీ పార్టీ పెట్టారు. పార్టీ అంటే వందల మంది తమ కంప్యూటర్లు మోసుకొచ్చి రాత్రింబవళ్లు కూర్చునే పోటీ. అక్కడ వీళ్ల అన్‌రియల్ మొదటి స్థానం తెచ్చుకుంది. ఆ డిసెంబరులో డెన్మార్క్‌లో జరిగిన ది పార్టీలో ప్యానిక్‌కు రెండో స్థానం వచ్చింది. 1993 అసెంబ్లీ కెరవాలో జరిగింది. సెకండ్ రియాలిటీ గెలిచింది అక్కడే. పోటీకి చూపించినదాన్ని ఇంకా సరిచేసి, తుది రూపం అక్టోబరులో వదిలారు. వాళ్లంతా ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు. పీఎస్ఐ, ట్రగ్, వైల్డ్‌ఫైర్ కోడు రాసేవాళ్లు. పిక్సెల్, మార్వెల్ బొమ్మలు వేసేవాళ్లు. గోర్ జనాన్ని కూడగట్టి పనులు నడిపేవాడు. పీఎస్ఐ తమ సంగీతం కోసం స్క్రీమ్ ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా రాశాడు. పాట కట్టే పనిముట్టును సైతం సొంతంగా చేసుకున్నవాళ్లన్నమాట. నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఇంకొకటుంది. 1997లో స్మాష్ డిజైన్స్ అనే గ్రూపు ఈ డెమోను కమోడోర్ 64 మీద మళ్లీ చేసి చూపించింది. వీళ్లు ఏ మెషిన్ నుంచి బయల్దేరారో దాని మీదే!

సోర్స్ తెరిచాక నన్ను మొదట ఆపింది కోడు కాదు, ఫోల్డర్ల పేర్లు. డెమో మొదలయ్యే భాగం పేరు 'అల్కు'. ఫిన్నిష్‌లో మొదలు అని అర్థం. చుక్కల సొరంగం ఉన్న ఫోల్డరు 'తున్నెలి'. బయటి నుంచి వచ్చిన టన్నెల్‌కు చివర ఒక అచ్చు తగిలించి తమ మాట చేసుకున్నారు. మనం బస్సు అన్నట్టే వాళ్లు బుస్సి అంటారు, మనం బ్యాంకు అన్నట్టే పంక్కి అంటారు. ఈ దేశానికొచ్చిన ఏడాదిలో నాకు ఆ భాష అంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ కోడు కొంత సీ, కొంత పాస్కల్, చాలా భాగం ప్రాసెసరుతో నేరుగా మాట్లాడే అసెంబ్లీ భాష. ఒక్కో భాగం విడిగా నడిచే ప్రోగ్రాము. ఎవరి భాగం వాళ్లు ఇంట్లో రాసుకుని, చివర్లో అన్నీ ఒకే దారానికి గుచ్చారు. అప్పుడే నేనూ రాయాలనుకున్నాను గానీ పిల్లలు చిన్నవాళ్లు, ఆఫీసు పని, ఏడేళ్లు అలాగే గడిచిపోయాయి.

2020 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ తన జాతీయ సజీవ వారసత్వ జాబితాలో డెమోసీన్‌ను, అంటే డెమోలు చేసేవాళ్ల లోకాన్ని, చేర్చింది. మన దగ్గర కూచిపూడినో తోలుబొమ్మలాటనో గౌరవించినట్టు, కుర్రాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని చేసిన ఈ పనిని ఒక దేశం గౌరవించింది. అవి లాక్‌డౌన్ రోజులు, ఆఫీసు ఇంటి నుంచే. ఆ వార్త చదివిన రాత్రే, పాత డాస్ ప్రోగ్రాములను ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపే డాస్‌బాక్స్‌లో టర్బో సీ ఎక్కించాను. సొరంగం ఒక్కటే చేస్తాను, వాళ్ల తున్నెలి ఫోల్డరు తెరవకుండా నా అంతట నేను చేస్తాను అని నియమం పెట్టుకున్నాను.

మొదటి పని పుట్‌పిక్సెల్‌ను పక్కన పెట్టడం. పాత పీసీల్లో తెర మీద బొమ్మ చూపించే వీజీఏలో మోడ్ 13హెచ్ అని ఒకటుంది. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, 256 రంగులు. ఒక్కో చుక్కకు సరిగ్గా ఒక్కో బైటు, మొత్తం 64,000 బైట్లు. తెరంతా మెమరీలో ఒకే వరుసగా ఉంటుంది. వరుస సంఖ్యను 320తో గుణించి ఆ వరుసలో ఎన్నో చుక్కో ఆ సంఖ్య కలిపితే చుక్క చిరునామా వస్తుంది. అక్కడ రంగు సంఖ్య రాస్తే చాలు, తెర మీద వెలుగుతుంది. కాలేజీలో నాకు ఈ ఒక్క సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు వారాలు వేరేగా గడిచేవి.

రెండోది, సైను కొసైను లెక్కలు డెమో నడిచేటప్పుడు చేయకూడదు. ముందే చేసి పట్టికలో పెట్టుకోవాలి. ఒక వలయానికి 64 చుక్కలు. ఒక్కో చుక్కకు అడ్డం, నిలువు, ఒక్కోటి రెండు బైట్లు. అంటే ఒక వ్యాసార్థానికి 256 బైట్లు. 200 వ్యాసార్థాలకు 51,200 బైట్లు. డాస్‌లో ఒక సెగ్మెంటుకు, అంటే ఒక మెమరీ ముక్కకు, ఉండే 64 కిలోబైట్ల హద్దులో చక్కగా ఇమిడింది. ఆ లెక్క కుదిరినప్పుడు కలిగిన తృప్తి చెప్పలేను. సొరంగంలో మొత్తం 60 వలయాలు, అంటే 3,840 చుక్కలు. ప్రతిసారీ 64,000 బైట్లూ తుడవకుండా, కిందటిసారి పెట్టిన చుక్కల చిరునామాలు దాచుకుని వాటిని మాత్రమే చెరిపాను.

వలయాలు వచ్చాయి. దూరంలో చిన్నవి, దగ్గరికొచ్చేకొద్దీ పెద్దవి. వంపు మాత్రం రాలేదు. మధ్య బిందువును సైనుతో అటూ ఇటూ జరిపితే, మొత్తం గొట్టం కర్రలా ఊగింది. మూడు రోజులు దాని దగ్గరే ఉండిపోయాను. సెకండ్ రియాలిటీ వీడియోను ఒక్కో ఫ్రేమూ జరిపి చూశాను. వేలు పెట్టి ఒకే వలయాన్ని వెంబడిస్తూ పోతే అప్పుడు తట్టింది. చిన్నప్పుడు తెనాలి నుంచి బెజవాడ వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, పట్టాలు వంపు తిరిగే చోట ఇంజను ముందు తిరుగుతుంది. మన పెట్టె ఆ చోటికి వచ్చాకే తిరుగుతుంది. అన్ని పెట్టెలూ ఒకేసారి తిరగవు. వలయాలూ అంతే. ప్రతి వలయం తాను పుట్టినప్పుడు ఉన్న మధ్య బిందువునే చివరిదాకా తనతో మోసుకుని రావాలి. కొత్తగా పుట్టేదానికే కొత్త బిందువు. ఆ తర్వాత, కంటికి అన్నిటికంటే దగ్గరున్న వలయం బిందువును మిగతా అన్నిటిలోంచీ తీసేస్తే, నేను ఎప్పుడూ సొరంగం నడిమధ్యలోనే ఉంటాను. మార్చింది నాలుగు లైన్లే. నడిపించగానే సొరంగం మెలిక తిరిగింది. అర్ధరాత్రి రెండు దాటింది. మా ఆవిడను లేపి చూపించాను. "ఇదేనా ఆ గుంటూరు సొరంగం?" అంది. పెళ్లైన కొత్తలో ఒక్కసారి చెప్పిన మాట, గుర్తు పెట్టుకుంది.

రంగుల దగ్గర ఇంకో పొరపాటు చేశాను. దూరపు వలయాలు చీకటిగా, దగ్గరివి వెలుతురుగా ఉండాలని రంగుల పట్టిక అయిన పాలెట్‌లో 0 నుంచి 255 దాకా విలువలు నింపాను. సొరంగం చీకటి, వెలుతురు, చీకటి, వెలుతురు అంటూ నాలుగు చారలుగా వచ్చింది. వీజీఏ ఒక్కో రంగుకు 0 నుంచి 63 వరకే తీసుకుంటుంది, పైన ఉన్నదాన్ని వదిలేసి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. నాలుగుతో భాగిస్తే సరిపోయింది.

ఇక పాట. నాకు సంగీతం రాదు. తెనాలిలో మా అన్నయ్య కొడుకు మృదంగం నేర్చుకున్నాడు, అప్పటికి పందొమ్మిదేళ్లు. వాడికి స్క్రీమ్ ట్రాకర్ ఎలా నడుస్తుందో వీడియో కాల్‌లో చూపించాను. ట్రాకర్‌లో పాట పై నుంచి కిందికి జారే పట్టికలా ఉంటుంది. ఒక ప్యాటర్నుకు 64 వరుసలు. ఏ వరుసలో ఏ శబ్దం ఏ స్థాయిలో మోగాలో రాసుకుంటూ పోవాలి. వాడు కాసేపు చూసి, "బాబాయ్, ఇది ఆది తాళమే కదా, ఎనిమిది అక్షరాలు, ఒక్కో దానికి ఎనిమిది వరుసలు" అన్నాడు. వారం తిరక్కుండా తన మృదంగం దెబ్బలు ఫోన్లో రికార్డు చేసి, వాటినే శాంపిళ్లుగా, అంటే పాట కట్టే శబ్దం ముక్కలుగా, పెట్టి ఒక పాట పంపాడు. తొం అనే దెబ్బను బాగా కిందికి దించి బేసుగా వాడాడు. సొరంగంలోంచి వస్తున్నట్టే ఉంది. ఇలా చేయమని వాడికి ఎవరూ చెప్పలేదు.

నిజమైన మెషిన్ మీద నడవకపోతే ఇదంతా లెక్కలోకి రాదని నాకు మొదటి నుంచీ ఉంది. శరత్కాలంలో ఒక పెద్దాయన స్టోర్‌రూంలో ఉన్న 486 దొరికింది. 33 మెగాహెర్ట్జ్ ఎస్‌ఎక్స్ ప్రాసెసరు, సౌండ్ బ్లాస్టర్ ప్రో సౌండ్ కార్డు, 14 అంగుళాల మానిటర్. తెరిచి చూస్తే మదర్‌బోర్డు మీద బ్యాటరీ కారి చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. బ్యాటరీ కత్తిరించి, వెనిగర్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రుద్ది, స్పిరిట్‌తో కడిగి రెండు రోజులు ఆరబెట్టాను. ఆన్ చేసినప్పుడు ఒకే టెన్షన్. మెమరీ లెక్కపెడుతూ అంకెలు పైకి ఎక్కడం కనిపించాక ఊపిరి పీల్చుకున్నాను.

నా ప్రోగ్రాము నడిపించాను. వలయాలు కోడిగుడ్లలా నిలువుగా సాగి ఉన్నాయి. మోడ్ 13హెచ్‌లో చుక్క చదరం కాదు, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. డాస్‌బాక్స్ మామూలుగా చదరపు చుక్కలతో చూపిస్తుంది కాబట్టి అన్ని నెలలూ నా కంటపడలేదు. నిలువు కొలతలను ఆరింట అయిదు వంతులు చేస్తే గుండ్రమయ్యాయి.

అసలు దెబ్బ వేగం దగ్గర తగిలింది. మానిటరు సెకనుకు 70 సార్లు తెర గీస్తుంది. ఒక్కో గీతకు ముందు నా పని పూర్తయితే 70, కొంచెం ఆలస్యమైనా తర్వాతి వంతు కోసం ఆగాలి కాబట్టి ఒక్కసారిగా 35కు పడిపోతుంది. పాట కలిపితే ఇంకా కిందికి పోయింది. డెమోలు చేసేవాళ్లు ఎంతో ఇష్టపడ్డ గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డయితే శాంపిళ్లను తనే కలుపుకుంటుంది. సౌండ్ బ్లాస్టర్‌కు ఆ పని కూడా ప్రాసెసరే చేసి పెట్టాలి. పైగా మధ్య బిందువు లెక్కలో ఒక సైను పిలుపు మిగిలిపోయింది. ఎస్‌ఎక్స్‌లో దశాంశాల లెక్కలకు కో-ప్రాసెసర్ ఉండదు, ఆ ఒక్క పిలుపే కాలమంతా తినేస్తోంది. దాన్ని పట్టికలోకి మార్చాను. చాల్లేదు.

ఒక రాత్రి కాగితం మీద చిరునామా లెక్క రాసుకుంటుంటే దారి కనిపించింది. చుక్క చిరునామా అంటే మధ్య బిందువు చిరునామా, దానికి చుక్క ఎంత దూరమో ఆ తేడా. ఆ తేడాను కూడా ముందే లెక్కగట్టి ఒకే సంఖ్యగా పట్టికలో పెట్టొచ్చు! అప్పుడు ఒక్కో చుక్కకు గుణకారం ఉండదు, ఒక్క కూడికే. చిక్కల్లా అంచుల దగ్గర. తెర కుడి అంచు దాటిన చుక్క కింది వరుసలో ఎడమవైపు ప్రత్యక్షమవుతుంది. అందుకని పూర్తిగా తెర లోపల ఇమిడే వలయాలకు ఈ వేగమైన దారి, అంచులు తాకే పెద్ద వలయాలకు మాత్రం ఒక్కో చుక్కనూ చూసుకునే పాత దారి పెట్టాను. 60లో ఎక్కువ భాగం చిన్నవే. లోపలి లూపు అసెంబ్లీలో రాశాను. 70 నిలబడింది, ఎప్పుడైనా ఒకటీ అరా తప్పితే.

ఆ ఒకటీ అరా తప్పడం వల్లే ఇంకో సంగతి నేర్చుకున్నాను. ఎన్నో ఫ్రేములో సొరంగం ఎటు తిరగాలో లెక్కపెట్టి రాశాను. ఫ్రేములు తప్పినకొద్దీ వంపు దెబ్బకు వెనకబడేది. నిమిషం గడిచేసరికి పాట ఒక దారి, బొమ్మ ఒక దారి. అప్పుడు నా నియమం సడలించి ఫ్యూచర్ క్రూ కోడు తెరిచాను. సొరంగం కోసం కాదు, పాటతో ఎలా కలిపారో చూడటానికి. వాళ్ల బొమ్మల భాగాలు గడియారాన్ని నమ్ముకోలేదు. పాట ఇప్పుడు ఎక్కడుంది అని పాటనే అడిగి, ఆ చోటు వచ్చేదాకా ఆగుతాయి. కోడరు, సంగీతం కట్టేవాడు వేర్వేరు ఇళ్లలో పనిచేసినా అన్నీ ఒకే ఊపిరి మీద నడవడానికి కారణం ఇదే. బస్సులో నేను విన్నది ఇదే. నేనూ అలాగే మార్చాను. ఏ ప్యాటర్ను, ఏ వరుస అని ప్లేయర్‌ను అడగడం, దాన్నిబట్టి తిరగడం.

ఫోన్ కెమెరాను మానిటరుకు పెట్టి తెనాలిలో ఉన్న మా అన్నయ్య కొడుక్కి చూపించాను. వాడు కళ్లు మూసుకుని ఒకసారి విన్నాడు, తెరిచి ఒకసారి చూశాడు. "బాబాయ్, ఆ రెండో వంపు 32వ వరుస దగ్గర కాదు, 30 దగ్గర తిప్పు. దెబ్బ పడేసరికి తిరిగి ఉండాలి" అన్నాడు. మార్చాక నా చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఈసారి సొరంగం కోసం కాదు, వాడి చెవి కోసం.

గుంటూరు సార్ నంబరు పాత స్నేహితుడి దగ్గర దొరికింది. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి, ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో మూసేశారు. నేనెవరో చెప్పడానికి కాసేపు పట్టింది. రెండు ఫ్లాపీలు, మౌస్ డ్రైవరు అనగానే గుర్తుపట్టారు. ముందు మా సొరంగం చూపించాను. "నువ్వే రాశావా? అంతా?" అని రెండుసార్లు అడిగారు. పాట మా అన్నయ్య కొడుకుదని చెప్పాను.

తర్వాత అదే మెషిన్ మీద సెకండ్ రియాలిటీ ఎక్కించాను. సౌండ్ కార్డు ఏది అని అడిగింది. సౌండ్ బ్లాస్టర్ ప్రో ఎంచుకున్నాను. ఓడలు వచ్చాయి. సార్ మొదట్లో ఏదో మాట్లాడుతూనే ఉన్నారు, పాట పుంజుకునేసరికి ఆగిపోయారు. చుక్కల సొరంగం రాగానే ఆయన గొంతు వినపడింది.

"ఒరేయ్, ఫోను ఆ స్పీకర్ దగ్గరగా పెట్టు. నేను కూడా ఇది ఎప్పుడూ వినలేదు."